గాజుల లెక్కలో చరరాశులు

హైదరాబాదు పాతనగరమున గౌలీపురాలో మేమెఱిగిన యొక యింట మొన్నటి శ్రావణమాసమున 1200 రూపాయలు పోయినవి. దొంగ రాలేదు; పెట్టె తాళము ఎవరును తీయలేదు; అప్పు తీసికొన్నవారు ఎగవేయలేదు. ఆ యింటి కోడలు తన చేతితో వ్రాసిన లెక్కలో నొక చిన్నమాట లోపించుటచేత ఆ సొమ్ము పోయినది. ఇంగ్లీషున ఆ మాట మూడక్షరములది. 'లెట్' అని పలుకుదురు.

ఆ యింటి వ్యాపారమును ముందుగా చెప్పినగాని సంగతి బోధపడదు. చార్మినారునకు పడమటివైపున లాడ్ బజారు కలదు. లక్కను నిప్పులసెగపై మెత్తబఱచి, వలయముగా చుట్టి, వేడి చల్లాఱక మునుపే అద్దపుతునుకలను రంగురాళ్ళను ఒక్కొక్కటిగా నద్దుచు గాజులుచేయు పనివారు ఆ బజారు చుట్టుపట్ల సందులలో నున్నారు. హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. మేము చెప్పుచున్న యింటి అత్తగారు ఈ పనివారి యిండ్లకు స్వయముగా పోయి, జత యొక్కింటికి 210 రూపాయలిచ్చి గాజులు తెచ్చి, 300 రూపాయలకు అమ్ముదురు. పదిజతలు గాని అంతకుమించి గాని తీసికొన్నవారికి జతకు 40 రూపాయలు తగ్గింతురు. ఏండ్ల తరబడి ఈ బేరము ఎఱిగినవారి మధ్యనే, నోటిలెక్కతోనే జరుగుచుండెను. కోడలు వచ్చిన పిదప ఇంటర్నెట్టున నొక పుట తయారుచేసెను. కొనువారు ఎన్నిజతలు కావలెనో ఆ పుటలో కొట్టి, మీట నొక్కిన మొత్తము కనబడును. వెంటనే ఆ లెక్కతోకూడ ఆర్డరు వీరి ఫోనునకు సందేశముగా చేరును.

'ఈ యంత్రపు వ్రాతలు ఇంటిలో నుండు మనకేల?' అని సోదరీమణులు కొందఱు అనవచ్చును. ఆ యింట తప్పు ఎక్కడ జరిగెనో కోడలికంటె ముందు పట్టుకొన్నవారు అత్తగారు. ఆమె కంప్యూటరును తాకియెఱుగరు. పద్దు వ్రాయుట మాత్రము బాగుగ నెఱుగుదురు. అందువలననే ఈ సంగతి పద్దులు వ్రాయు ఇల్లాండ్రకు తప్పక బోధపడునని మేము నమ్ముచున్నాము.

యంత్రము ఒక సంఖ్యను జ్ఞాపకముంచుకొనవలెనన్న దానికొక పేరుండవలెను. ఆ పేరునే వేరియబుల్ అందురు; మన బడిపుస్తకములలో చరరాశి. పోపులపెట్టెలో ఏ గిన్నె యావాలకో, ఏ గిన్నె మెంతులకో ఇల్లాలికి తెలియును. క్రొత్తగా వచ్చిన వంటమనిషికి మాత్రము ముందుగా చెప్పవలెను. యంత్రము నిత్యము క్రొత్తగా వచ్చిన వంటమనిషియే. 'ఇకమీదట ధర యను పేరుతో నేనొకదానిని వ్యవహరింతును, ఇప్పటికి దాని విలువ 300' అని దానికి చెప్పుటను ప్రకటించుట యందురు. వ్రాసెడు తీరు ఇది:

లెట్ ధర = 300;

ఇందు 'లెట్' అనునది ప్రకటన. 'ధర' యనునది మనము పెట్టిన పేరు. నడుమనున్న గుఱుతును బడిలో సమానమని చెప్పిరి గాని, ఇచట దాని యర్థము వేఱు: కుడివైపున నున్నదానిని ఎడమవైపు పేరున ఉంచుము అని. అందువలన 'ధర = ధర - 40' అను పంక్తి బడిలెక్కలో అసంభవమైనను ఇచట సహజమే; ఉన్న ధరలోనుండి 40 తీసి, మిగిలినదానిని మరల ధరయను పేరుననే ఉంచుమని దాని భావము. ఒకసారి ప్రకటించిన పేరును పిదప వాడునపుడు మరల 'లెట్' అనవలసిన పనిలేదు, పేరొక్కటి చాలును. 'లెట్' మొదలగు యంత్రపు సొంతమాటలను ఇంగ్లీషు అక్షరములతోనే కొట్టవలెను. చదువరుల సౌకర్యమునకై మేము తెలుగున వ్రాయుచున్నాము.

ఈ భాషకు జావాస్క్రిప్టు అని పేరు. 1995 మేనెలలో అమెరికాలో నెట్‌స్కేప్ సంస్థయందు పనిచేయుచుండిన బ్రెండన్ ఐక్ అను నాతడు పదిదినములలో దీని తొలిరూపమును సిద్ధపఱచెను. మొదట దానికి మోకా యని పేరుపెట్టిరి. పిదప లైవ్‌స్క్రిప్టు అనిరి. ఆ సంవత్సరము డిసెంబరునాటికి జావాస్క్రిప్టు అనిరి. జావా యను మఱియొక భాషతో పేరు కలిసినదే గాని చుట్టఱికము స్వల్పము. ఒక్క యేడాదిలో మూడుపేర్లు మార్చిన భాషలో పేర్ల తగవులు మెండుగ నుండుట వింత గాదు. ఇరువది సంవత్సరములవఱకు దీనియందు ప్రకటించుటకు 'వార్' అను నొక్క మాటయే యుండెను. 'లెట్' అనునదియు, 'కాన్స్ట్' అనునదియు 2015 జూనులో వెలువడిన ప్రమాణమున వచ్చి చేరినవి. నేడు ఫోనులలోను కంప్యూటరులలోను ఉన్న బ్రౌజరు లన్నియు ఈ భాషను ఎఱుగును.

ఇక కోడలు వ్రాసిన లెక్కలో తప్పున్న భాగము:

లెట్ ధర = 300;
ఫంక్షన్ మొత్తము(జతలు) {
ఇఫ్ (జతలు >= 10) {
ధర = ధర - 40;
}
రిటర్న్ ధర * జతలు;
}

'ఫంక్షన్' అనగా పేరుపెట్టి దాచుకొన్న పని. మీట నొక్కిన ప్రతిసారియు యంత్రము ఆ పనిని మొదటినుండి చేయును. 'ఇఫ్' అనగా 'అయినయెడల'. 'రిటర్న్' అనగా లెక్కతేలినదానిని తెచ్చి యిమ్మని. మీసములవంటి ఆ కుండలీకరణములు గదుల గోడలు. పదిజతలు గాని అంతకుమించి గాని యయిన 40 తగ్గించి, జతలతో గుణించి చెప్పుమని దీని సారాంశము. చూచుటకు నిర్దోషముగనే యున్నది. కోడలు పదిజతలు కొట్టి చూచెను, 2600 వచ్చినది. పుటను మూసి, మరల తెఱచి, అయిదుజతలు కొట్టెను, 1500 వచ్చినది. అంతటితో తృప్తిపడెను.

హోసూరునుండి యొక తెలుగు గృహిణి ఇంట పెండ్లికని గాజులు చూచినది. పదిజతలు కొట్టగా 2600 అని వచ్చెను. పండ్రెండైన ఎంతయగునో యని, పుటను మూయకయే, పండ్రెండు కొట్టెను. 2640 అని వచ్చెను. రెండుజతలు పెరిగినను నలుబదిరూపాయలే పెరుగుట చూచి ఆమె ముచ్చటపడి పదునైదు కొట్టెను, 2700. వెంటనే ఆర్డరు పంపి, సొమ్మును పంపివైచెను. నిజముగా రావలసినది 3900. పనివారికి ఇచ్చినదే 3150. ఆపై పంపుటకైన ఖర్చు వేఱు.

జరిగినదేమి? తగ్గింపుగదిలో 'ధర' యను మాట కనబడినపుడు యంత్రము ఆ గదిలో ఆ పేరు ప్రకటింపబడినదా యని చూచును. లేనియెడల బయటిగదిలో వెదకును. అచటను లేనియెడల అంతకు బయట. ఇచట ధర యను పేరు ఇంటి నడిసావడిలో నున్నది. యంత్రము ఆ నడిసావడిలోని ధరనే పట్టుకొని 40 తగ్గించెను. మొదటిసారి 300 కాస్త 260 అయ్యెను. రెండవసారి మీట నొక్కినపుడు ధర 300 గాదు, 260. దానిలోనుండి 40 పోయి 220. మూడవసారి 180. పుట తెఱచియున్నంతవఱకు నడిసావడిలోని పేర్లు నిలిచియుండును. మూసి తెఱచిన మొదటికి వచ్చును. కోడలు ప్రతిపరీక్షకు పుటను మూసి తెఱచుచుండుటచేత ఈ తప్పు ఆమె కంటబడలేదు. కొనువారు మనము పరీక్షించినట్లు వాడరు గదా!

మేము వెళ్ళిననాడు కోడలు ఆ పంక్తుల యెదుట దిగులుగ కూర్చుండియుండెను. చూపిన ధరకే సరకు పంపవలెనని అత్తగారు అప్పటికే నిశ్చయించి, పంపించియుండిరి. వారు కోడలిచేత ఆ పంక్తులను తెలుగున చెప్పించుకొని విని, లోపలికిపోయి ఎఱ్ఱబట్ట అట్టవేసిన పాతచిట్టా నొకదానిని తెచ్చిరి. అది వారి మామగారి కాలముది. అందు ప్రతిపద్దు చివరను రూపాయల ప్రక్కన 'హా' యనియో 'క' యనియో చిన్నయక్షరము కలదు.

ఆ యక్షరముల సంగతి నేటి పిన్నలకు తెలియదు. నిజాము రాజ్యమునకు సొంతనాణెము లుండెడివి. వానిని హాలీ సిక్కా యనెడివారు. ఒకప్పుడు పాతనగరములోనే సుల్తాన్‌షాహియందు టంకశాల యుండెను. పిదప 1903లో సైఫాబాదున యంత్రములతో క్రొత్త టంకశాల నడచెను. బ్రిటిషు ఇండియా రూపాయిని ఇచట కల్దారు అనెడివారు. ఏడు హాలీ రూపాయలు సుమారు ఆరు కల్దార్లకు సమానము. 1950లో భారతదేశపు రూపాయి ఇచట వాడుకలోనికి వచ్చిన పిదపను ఈ లెక్కతోనే రెండును కలిసి నడచినవి; 1959తో హాలీ చెల్లుబడి ముగిసినది. హైదరాబాదు బజారులో 'డెబ్బది రూపాయలు' అన్న హాలీ. బెజవాడలో అదేమాట అన్న కల్దారు. ఒక్కటే పేరు, రెండు ఇండ్లలో రెండు విలువలు. అచటినుండి సరకు తెప్పించుకొను వర్తకుడు 'హా'యో 'క'యో వ్రాసికొనక పోయినయెడల డెబ్బదింటికి పది పోగొట్టుకొనవలసినదే.

"అమ్మాయీ, మా మామగారు హాలీని హాలీ చిట్టాలో, కల్దారును కల్దారు చిట్టాలో తగ్గించెడివారు. నీవు ఒక బేరమున తగ్గించినదానిని అసలుధరలోనే కొట్టివేసితివి. వచ్చినవారికెల్ల అసలు తగ్గదా?" అనిరి అత్తగారు.

"తగ్గించుటకు వేఱుపేరు పెట్టవలసినది, అత్తయ్యా. ఇప్పుడు తెలిసినది" అని కోడలు ఆ గదిలోనే క్రొత్తపేరు పెట్టెను:

లెట్ బేరపుధర = ధర - 40;

చివరిపంక్తిలోను ధరకు బదులు బేరపుధర యని మార్చి మీట నొక్కెను. ఈసారి మొత్తము వచ్చుటకు మాఱుగా 'బేరపుధర యనునది ప్రకటింపబడలేదు' అని యంత్రము మొఱపెట్టెను. కోడలు తెల్లబోయెను. 'లెట్' అని ప్రకటించిన పేరు ఏ గదిలో పుట్టునో ఆ గది గోడతోనే ముగియును. తగ్గింపుగదిలో పుట్టిన బేరపుధర, గోడ దాటిన పిదప వచ్చు 'రిటర్న్' పంక్తికి తెలియదు. అత్తగారు నవ్వి, "వంటింటిలో నీవు నాతో చెప్పుకొన్న ధర వీథిగుమ్మమున నున్నవారికి ఎట్లు తెలియును?" అనిరి. అంతట కోడలు ఇట్లు మార్చెను:

కాన్స్ట్ ధర = 300;
ఫంక్షన్ మొత్తము(జతలు) {
లెట్ బేరపుధర = ధర;
ఇఫ్ (జతలు >= 10) {
బేరపుధర = ధర - 40;
}
రిటర్న్ బేరపుధర * జతలు;
}

ఇందు రెండు విశేషములు గలవు. బేరపుధర పెద్దగదిలో పుట్టినది. లోపలిగదిలోను తెలియును, 'రిటర్న్' పంక్తికిని తెలియును. మీట నొక్కిన ప్రతిసారియు అది క్రొత్తగా 300తో మొదలగును. రెండవది, అసలుధరకు 'లెట్' పోయి 'కాన్స్ట్' వచ్చినది. కాన్స్ట్ అని ప్రకటించిన పేరున మఱియొకదానిని పెట్టబోయిన యంత్రము ఒప్పుకొనదు; అక్కడికక్కడ పని నిలిపి తప్పు చెప్పును. కోడలు మొదటనే ఈ మాట వాడియున్నయెడల, పదిజతలు కొట్టి చూచిననాడే మొత్తము రాక నిలిచిపోయి తప్పు బయటపడియుండెడిది. మా మతమున ఈ భాషలో ఏ పేరునైనను మొదట కాన్స్ట్ అనియే ప్రకటింపవలెను. విలువ మాఱవలసినదని తేలిన పిమ్మటనే లెట్ అని మార్చవలెను. ఒక్కమాట మాత్రము మఱువరాదు. కాన్స్ట్ అని రంగుల పట్టికను ప్రకటించినను ఆ పట్టికలో క్రొత్తరంగును చేర్చవచ్చును, ఉన్నదానిని తీయవచ్చును. గాజులపెట్టెను మార్చనీయదు గాని, పెట్టెలోని గాజులను మార్చిన అడ్డుపడదు.

పాతదగు 'వార్' సంగతి యేమని అడుగుదురేమో. అది నేటికిని పనిచేయును. పాతపుటలు దానితోనే నడచుచున్నవి. కాని అది 'ఇఫ్' గదుల గోడలను లెక్కచేయదు. ఫంక్షన్ గోడయొకటే దానికి హద్దు. తగ్గింపుగదిలో 'వార్ బేరపుధర' అని వ్రాసినయెడల పేరు బయటకు తెలియును గాని, అయిదుజతలే కొన్నవారికి ఆ గదిలోనికి పోవుటయే లేదు గనుక దానిలో విలువ యుండదు. విలువలేనిదానిని అయిదుతో గుణింపగా 'సంఖ్య కాదు' అను నర్థమిచ్చు మూడక్షరములను యంత్రము మొత్తమునకు మాఱుగా చూపును. ఇక ఏ ప్రకటనయు లేక ఊరక 'బేరపుదర = 260' అని, వత్తు మఱచి వ్రాసినయెడల ఏమగును? యంత్రము తప్పనదు, దకారముతో క్రొత్తపేరు నొకదానిని నడిసావడిలో తానే పుట్టించి అందు 260 ఉంచును. ధకారపుపేరు ఎప్పటివలెనే యుండును. ఒక్క వత్తునకు ఒక బేరము పోవును. దీనిని మాన్పుటకు 2009నాటి ప్రమాణమున 'యూజ్ స్ట్రిక్ట్' అను మాట వచ్చినది. దానిని ఉల్లేఖన చిహ్నముల నడుమ నుంచి, వ్రాత మొదటిపంక్తిలో వ్రాసినచో, ప్రకటింపని పేరునకు విలువ నీయబోయిన వెంటనే యంత్రము తప్పు పట్టును. ఆ పంక్తిని వ్రాయక మొదలుపెట్టరాదు.

ఈ తప్పు తీరినదినమే మఱియొకటి బయటపడెను. పంపుటకగు ఖర్చును చేర్చుటకై కోడలు ఒక చిన్నగడిని పుటలో పెట్టెను. 2600నకు 60 కలుపగా 260060 అని వచ్చినది! గడిలో మనము కొట్టునది అంకెలవలె కనబడినను యంత్రము దానిని అక్షరములుగనే తీసికొనును. అక్షరములకు కూడికగుఱుతు పెట్టిన, ఒకదాని ప్రక్కన నొకటి అతికించును. 'కాన్స్ట్ పంపుఖర్చు = నంబర్(గడిలోని విలువ)' అను తీరున సంఖ్యగా మార్చి పేరుపెట్టినచో 2660 వచ్చును. గుణకారమునకు మాత్రము యంత్రము తానే సంఖ్యగా మార్చుకొనును. అందుచేతనే జతల లెక్కలో ఈ తప్పు ఇన్నాళ్ళు కనబడలేదు.

పేర్లను తెలుగున పెట్టవచ్చునని చెప్పియుంటిమి. జావాస్క్రిప్టు యూనికోడు అక్షరములను పేర్లకు అంగీకరించును. తెలుగు లిపి 1991నాటి తొలి యూనికోడులోనే యున్నది. ధర, జతలు, పంపుఖర్చు అని నిరభ్యంతరముగ వ్రాయవచ్చును. పేరు నడుమ ఖాళీ యుండరాదు, అంకెతో మొదలుకారాదు. ఇంగ్లీషుపేర్లలో పెద్దబడియక్షరము, చిన్నబడియక్షరము అను భేదముండుటచేత ఒకేమాటను మూడువిధముల వ్రాసిన మూడుపేర్లగును. మన లిపిలో నా బెడద లేదు. కాని మన బెడద మనకున్నది. పొల్లుతో ముగియు మాటల చివరను, కొన్ని కీబోర్డులలో, కంటికి కనబడని యక్షర మొకటి వచ్చి చేరును. 'బజార్' అని రెండుచోట్ల వ్రాయగా రెండును మనకు ఒక్కటే, యంత్రమునకు వేఱు. తెలుగు అజంతభాష గదా. 'బజారు' అని నిండుగ వ్రాసిన ఈ చిక్కు లేదు. వ్యాకరణము చదివినందులకు ఇట్టి లాభమును గలదని మేమూహింపలేదు. తెలుగు అంకెలను మాత్రము యంత్రము సంఖ్యలుగా గ్రహింపదు. ౩౦౦ అని వ్రాసిన తప్పు పట్టును, 300 అనియే వ్రాయవలెను.

ఈ పంక్తులను స్వయముగా పరీక్షింపగోరువారు కంప్యూటరున క్రోమ్ బ్రౌజరును తెఱచి, ఎఫ్12 మీట నొక్కి, 'కన్సోల్' అను భాగమున ఒక్కొక్క పంక్తిని కొట్టి చూడవచ్చును. ఖర్చు లేదు, ఏమియు చెడిపోదు. పాలపద్దునో చాకలిపద్దునో లెక్కగట్టుటతో మొదలుపెట్టినవారికి త్వరగ పట్టుపడును.

ఒక యెచ్చరిక మిగిలియున్నది. ఈ లెక్కయంతయు కొనువారి ఫోనులో, వారి బ్రౌజరులోనే జరుగును. కాన్స్ట్ అని వ్రాసినది మన పొరపాటునకు అడ్డు గాని, ఎఱిగిచేయు మోసమునకు అడ్డు గాదు. తెలిసినవారు తమ బ్రౌజరులో ఆ పంక్తినే మార్చుకొనగలరు. అందువలన వచ్చిన ఆర్డరులోని మొత్తమును అమ్మువారు తమయొద్ద మరల లెక్కించి చూచుకొన్న పిమ్మటనే ఒప్పుకొనవలెను. ఇప్పుడు ఆ యింట అత్తగారు ప్రతిసందేశమును వినిపించుకొని నోటితో గుణించి, సరియైన 'ఊఁ' అందురు.

కార్తికమాసమున హోసూరు గృహిణి మరల వచ్చినది. ఈసారి ఇరువదిజతలు కావలెనట. పుటలో 5200 అని కనబడగా, ముందు 180కే ఇచ్చితిరి గదా, ఆ ధర యేమైనదని సందేశము పంపెను. ఏమి వ్రాయవలెనని కోడలు అత్తగారిని అడిగెను. "ఆ ధర ఆనాటి పుటలో పుట్టి, ఆ పుట మూయగనే పోయినదని వ్రాయుము; గాజులు పగులకుండ చేరినవా యని కూడ నడుగుము" అనిరి. కోడలు అట్లే వ్రాసెను. రెండుగడియలకు 5200 వచ్చినవి.